నీళ్లు మారకముందటి లెక్కలు ఎవరి దగ్గరున్నాయి?

సంపాదకులకు నమస్కారం.

కారణం తెలియని కిడ్నీ జబ్బుతో ఏళ్లుగా బాధపడుతున్న మా ఉద్దానానికి (శ్రీకాకుళం జిల్లా) వంశధార నది నీళ్లు వచ్చాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులైను వేసి పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలకు తాగునీరు ఇచ్చే పథకాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు. అదే రోజు పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి కూడా మొదలయ్యాయి. చాలా సంతోషం. ఇక్కడి జనం ఏళ్ల తరబడి అడిగినవే ఇవి. అయితే ఇంకో పదేళ్లకు ఎవరైనా వచ్చి "ఈ నీళ్లు తాగాక జబ్బు తగ్గిందా?" అని అడిగితే ఏం చెప్తాం? నీళ్లు మారకముందు ఏ వయసు వాళ్లకి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే పెరిగే పదార్థం) ఎంతుందో, ఎవరు ఏ బావి నీళ్లు తాగారో తెలిస్తేనే గదా చెప్పగలిగేది. ఆ లెక్కలు తీశారు. ఎన్నో బృందాలు, ఎన్నోసార్లు తీశాయి. అవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయని అడగడానికే ఈ ఉత్తరం.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసు చాలావరకు ఉద్దానంలోనే గడిచింది. ఊళ్లోకి సర్వే బృందం వచ్చిందంటే ఇళ్లు చూపించడానికి ఆశా కార్యకర్త, రక్తం తీయడంలో సాయానికి నాలాంటి వాడొకడు ఉండాల్సిందే. వైజాగ్ నుంచి వచ్చారు, హైదరాబాద్ నుంచి వచ్చారు, ఢిల్లీ నుంచి వచ్చారు, పైదేశాల వాళ్లూ వచ్చారు. వాళ్లలో చాలామంది మంచివాళ్లు, ఒళ్లు దాచుకోని వాళ్లు. తెల్లారేసరికి బడి వరండాలో బల్ల వేసుకుని కూర్చునేవారు. పరగడుపున వచ్చినవాళ్లకి వరసగా రక్తం తీసి ఎర్రమూత ట్యూబులో పోసి, నంబరు చీటీ అంటించి, ఐసుపెట్టెలో సర్దేవాళ్లం. పక్కన ఇంకొకరు పేజీలకు పేజీలు ప్రశ్నలు అడిగి రాసుకునేవారు. ఏం పని చేస్తావు, ఎండలో ఎన్ని గంటలుంటావు, తోటలో మందు కొడతావా, తాగేది బావి నీళ్లా బోరు నీళ్లా, ఒళ్లు నొప్పులకు ఏ బిళ్ల వేసుకుంటావు, చుట్ట తాగుతావా. ఆ తర్వాత బావి దగ్గరికెళ్లి సీసాలో నీళ్లు పట్టేవారు. కొబ్బరి తోటకి పోవాల్సిన మనిషి ఆ పూట కూలి మానుకుని ఇవన్నీ చెప్పేవాడు.

తర్వాత ఏమైందన్నది ఊరివాళ్లకి తెలియదు. కవిటి మండలంలో ఒక పెద్దావిడ నన్ను ఎక్కడ కనపడినా అడుగుతుంది: "మా రగతం ఒట్టుకెళ్లినారు గదా బావూ, ఏటి తేలినాదో ఒక్కరూ సెప్పనేదు." ఆవిడ భర్త డయాలసిస్ మీద ఉండి పోయాడు. ఇంట్లో గూటిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో స్కానింగు కాయితాలు, మందుల చీటీలు, పింఛను కాయితం, అన్నీ మడత నలగకుండా దాచింది. సర్వేకొచ్చిన వాళ్లు ఆవిడకి ఇచ్చిన కాయితం ఒక్కటే, వేలిముద్ర వేయించుకున్న అంగీకార పత్రం నకలు.

వ్యాసాలు రాలేదని నేననను. వచ్చాయి, వాటి వల్ల మేలూ జరిగింది. 2019లో ఒక అంతర్జాతీయ కిడ్నీ వైద్య పత్రికలో ఉద్దానం మీద వ్యాసం అచ్చయింది. 2,210 మందిని పరీక్షిస్తే నూటికి 18 మందికి కిడ్నీ జబ్బు ఉందని, వాళ్లలో ఎక్కువమందికి షుగరు, బీపీ లాంటి తెలిసిన కారణమేదీ లేదని తేలింది. ఆ అంకె చూపించి మాట్లాడితే పెద్దలు వింటారు. కానీ వ్యాసంలో వచ్చే శాతం వేరు, దాని వెనక ఉండే విడి అంకెలు వేరు. ఈ తేడా పాఠకులకు కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతంతా ఇక్కడే ఉంది.

క్రియాటినిన్‌ని రెండు పద్ధతుల్లో కొలుస్తారు. పిక్రిక్ ఆమ్లం కలిపి వచ్చే రంగుని బట్టి చెప్పేది పాత పద్ధతి, జాఫే అంటారు, ఖర్చు తక్కువ. రెండోది ఎంజైమ్ పద్ధతి, ఖరీదెక్కువ. జాఫేలో రక్తంలోని వేరే పదార్థాలు కొన్ని కూడా అదే రంగు ఇస్తాయి గనుక అంకె కాస్త ఎక్కువగా చూపించవచ్చు. ఒకే మనిషి రక్తం ఒక మిషన్‌లో 1.2, ఇంకో మిషన్‌లో 1.4 రావడం నేను చూశాను. క్రియాటినిన్ 6 ఉన్నవాడికి ఆ తేడా లెక్కలోకి రాదు, వాడి జబ్బు ఎలాగూ తెలుస్తోంది. సర్వేలో పట్టుకోవాల్సింది జబ్బు అప్పుడే మొదలవుతున్న వాళ్లని. అక్కడ 0.2 తేడాతో మనిషి ఆరోగ్యవంతుల జాబితాలోంచి రోగుల జాబితాలోకి వెళ్లిపోతాడు. పైగా క్రియాటినిన్‌ని బట్టి, వయసూ ఆడామగా చూసి కిడ్నీ ఎంత వడపోస్తోందో లెక్క కడతారు. అది నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తగ్గితే జబ్బు కింద లెక్క, అదీ మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేసి ఖాయం చేసుకున్నాకే. మా ఊళ్లలో రెండోసారికి సగంమంది దొరకరు. వలస పోతారు, తోటకి పోతారు, లేకపోతే మళ్లీ సూదా అని తలుపేసుకుంటారు. ఇక లెక్క కట్టే సూత్రం కూడా ఎప్పుడూ ఒకటే ఉండదు. 2009లో వచ్చిన సూత్రాన్ని 2021లో సవరించారు.

ఒక బృందం 15 శాతం అని, ఐదేళ్ల తర్వాత ఇంకో బృందం 20 శాతం అని రాసిందనుకుందాం. జబ్బు పెరిగిందా? మిషన్ మారిందా? సూత్రం మారిందా? రెండో పరీక్ష చేయకుండానే లెక్కేశారా? అచ్చయిన శాతాన్ని ఎంతసేపు చూసినా ఎవరూ చెప్పలేరు. అదే విడి అంకెలు ఉంటే, అంటే ఒక్కో మనిషికి వయసు ఎంత, క్రియాటినిన్ ఎంత, ఏ పద్ధతిలో కొలిచారు, అది మొదటి పరీక్షా రెండోదా అన్నవి గడుల్లో ఉంటే, స్టాటిస్టిక్స్ చదివిన కుర్రాడు ఒక పూటలో అందరినీ ఒకే సూత్రం కిందికి తెచ్చి చూపిస్తాడు. నీళ్ల సంగతీ అంతే. మేలో పట్టిన నీళ్లు, వానలు పడ్డాక పట్టిన నీళ్లు ఒకలాగ ఉండవు. బోరు లోతు ఎంతో రాయకుండా సిలికా ఇంత, సీసం ఇంత అని అంకె ఒక్కటే చెప్తే దాన్ని దేనితోనూ పోల్చలేం.

మరి పరిశోధకులు ఆ విడి అంకెలు ఎందుకివ్వరు? స్వార్థం అని ఒక్క మాటలో తేల్చేయడం నాకిష్టం లేదు. మా మేనకోడలు విశాఖలో పీహెచ్‌డీ చేసింది. కిడ్నీ జబ్బు మీద కాదు, చెరువుల నీళ్ల మీద. నీ డేటా అందరికీ ఇవ్వొచ్చు కదమ్మా అని అడిగితే, "మావయ్యా, ఎండలో తిరిగి తిరిగి పోగేసిన షీటు అది. నేను పేపరు రాయకముందే బయటపెడితే, ఊరి మొహం చూడనివాడు ఏసీ గదిలో కూర్చుని రెండు నెలల్లో రాసేసుకుంటాడు. ఉద్యోగం ఇంటర్వ్యూలో పేపర్లు ఎన్నని అడుగుతారు గానీ, నీ షీటు ఎంతమందికి పనికొచ్చిందని అడుగుతారా?" అంది. ఆ మాటని నేను కాదనలేను. అమెరికాలో పేరున్న వైద్య పత్రిక ఒకటి 2016లో సంపాదకీయం రాస్తూ, ఇతరుల డేటాతో పని కానిచ్చుకునే వాళ్లని కొందరు పరాన్నజీవులు అంటున్నారని పేర్కొంది. దాని మీద పెద్ద గొడవే అయింది. అంటే ఈ బాధ మా మేనకోడలు ఒక్కదానిదే కాదు.

పని కూడా తక్కువేమీ కాదు. 2011లో అచ్చయిన ఒక సర్వేలో 1,300 మందికి పైగా శాస్త్రవేత్తలను అడిగారు. డేటా బయటపెట్టకపోవడానికి ఎక్కువమంది చెప్పిన కారణం టైం లేకపోవడం, 54 శాతం. ఆ తర్వాత డబ్బు లేకపోవడం, 40 శాతం దాకా. ఇది నేను నమ్ముతాను. సొంతానికి రాసుకున్న షీటుని పరాయివాడికి అర్థమయ్యేలా చేయాలంటే ప్రతి గడికీ తలకట్టు ఏమిటో రాయాలి. ఖాళీగా వదిలిన చోట పరీక్ష చేయలేదా, చేస్తే ఏమీ రాలేదా చెప్పాలి. ఒకరే రెండు నంబర్లతో ఉన్నారేమో వెతకాలి. ప్రాజెక్టు అయిపోయాక ఆ పనికి ఎవరికీ జీతం ఉండదు. పని చేసిన కుర్రాళ్లు వేరే ఉద్యోగాలు చూసుకుంటారు.

ఇంకో రెండు కారణాలున్నాయి, అవి ఎవరూ పైకి చెప్పరు. ఒకటి, విడి అంకెలు చూపిస్తే తప్పు బయటపడుతుందన్న భయం. నా మట్టుకు, భయం ఉన్నచోటే చూపించాల్సిన అవసరం ఎక్కువ. కరోనా రోజుల్లో, 2020 మేలో, లాన్సెట్ పత్రికలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద పెద్ద వ్యాసం వచ్చింది. దాన్ని చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు మీద జరుగుతున్న తన పరీక్షనే ఆపింది. తీరా అసలు డేటా చూపించమంటే దాన్ని సమకూర్చిన కంపెనీ చూపించలేదు. రెండు వారాలకే ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. రెండో కారణం పై అధికారి సంతకం. లెక్క ఎక్కువొస్తే ఎవరి మెడకి చుట్టుకుంటుందో అన్న టెన్షన్ ప్రభుత్వంలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు.

"అడిగితే ఇస్తాం" అని వ్యాసం చివర రాసేవాళ్లు ఉన్నారు. ఆ మాట ఎంత నిలబడుతుందో క్రొయేషియా పరిశోధకులు పరీక్షించి 2022లో ప్రచురించారు. అలా రాసిన 1,792 వ్యాసాల వాళ్లకి ఉత్తరాలు రాస్తే డేటా ఇచ్చినవాళ్లు 122 మంది. మిగతావాళ్లు కుదరదన్నారు, లేదా జవాబే ఇవ్వలేదు. నా అనుభవమూ అంతే. బావి నీళ్ల ఫలితాల కోసం, ఒకప్పుడు మాతో తిరిగిన ఒక పరిశోధకుడికి ఫోన్ చేశాను. పాపం, మర్యాదగానే మాట్లాడారు. పాత ల్యాప్‌టాప్ పాడైందట. పనిచేసిన విద్యార్థి విదేశం వెళ్లిపోయాడట. ఒక ఫైలు దొరికితే పంపారు. అందులో గడులకు డబ్ల్యూ1, డబ్ల్యూ2, డబ్ల్యూ3 అని ఉంది. ఏది ఏ బావో, ఏ నెలలో పట్టిన నీళ్లో, ఏ కొలతలో రాశారో ఆయనకీ గుర్తు లేదు. ఆ బావుల్లో కొన్ని ఇప్పుడు పూడ్చేశారు. మళ్లీ వెళ్లి నీళ్లు పట్టుకొచ్చే వీలు కూడా లేదు.

ఇలా పోవడం కూడా ఒక లెక్క ప్రకారమే పోతోంది. 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 516 పాత వ్యాసాల డేటా కోసం వెతికారు. వ్యాసం వచ్చాక ఏడాది గడిచేకొద్దీ డేటా దొరికే అవకాశం 17 శాతం చొప్పున పడిపోతూ వచ్చింది. ఉద్దానంలో బృందాలు తిరగడం మొదలై ఎన్నేళ్లయిందో తల్చుకుంటే నాకు నిద్ర పట్టదు.

డేటా పంచుకుంటే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లకి మన పక్కనే ఒక దాఖలా ఉంది. కారణం తెలియని ఈ కిడ్నీ జబ్బు ఉద్దానంలోనే కాదు, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరుకు కూలీలకీ వస్తోంది. దేశదేశాల లెక్కలు పోల్చుకోవాలంటే అందరూ ఒకే రకంగా కొలవాలని శాస్త్రవేత్తలు ఒక ఉమ్మడి పద్ధతి తయారు చేశారు. మన దేశంలో షుగరు, గుండెజబ్బుల కోసం ఢిల్లీ, చెన్నై, సోనిపట్, విశాఖపట్నం ప్రాంతాల్లో అంతకుముందే చేసిన మూడు సర్వేల డేటా తీసుకుని, ఆ పద్ధతిలో మళ్లీ లెక్క కట్టి 2019లో ప్రచురించారు. కొత్తగా ఒక్క సూది గుచ్చలేదు. షుగరు, బీపీ లేని 12,500 మందిలో కిడ్నీ పనితనం తగ్గినవాళ్లు మొత్తం మీద 1.6 శాతం, దక్షిణాది పల్లెల్లో మాత్రం 4.8 శాతం అని తేలింది. షుగరు కోసం తీసిన రక్తం కిడ్నీ గురించి చెప్పింది. ఆ మూడు సర్వేల వాళ్లూ తమ షీట్లు బీరువాలో పెట్టి తాళం వేసుకుని ఉంటే ఇది తెలిసేదా?

డేటా ఇవ్వకూడదనడానికి నేను ఒప్పుకునే కారణం ఒకటుంది. పెళ్లిళ్లు. కిడ్నీ ఊరు అని పేరుపడితే ఆ ఊరి పిల్లని చేసుకోడానికి, ఆ ఊరికి పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారు. ఇది కల్పన కాదు, మా ఇళ్లల్లో జరుగుతున్నదే. పేరు తీసేస్తే చాలదు. చిన్న ఊళ్లో 43 ఏళ్ల మగమనిషి, చేపల వేట, క్రియాటినిన్ 4 అని రాస్తే ఎవరో అందరికీ తెలిసిపోతుంది. ఒప్పుకోని పనికి రక్తం వాడటమూ తప్పే. అమెరికాలో హవాసుపాయి గిరిజనులు షుగరు జబ్బు పరిశోధనకని రక్తమిస్తే, దాన్ని వేరే పరిశోధనలకి కూడా వాడారు. వాళ్లు కోర్టుకెళ్లారు, 2010లో విశ్వవిద్యాలయం పరిహారం ఇచ్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి అన్నీ తీసుకెళ్లి ఇంటర్నెట్‌లో పెట్టేయమని నేననడం లేదు. ఊరి పేరు బదులు కోడ్ పెట్టండి. వయసు 40-45 అని రాయండి. ఎవరు అడుగుతున్నారో, ఎందుకో తెలుసుకుని, నైతిక కమిటీ చూశాకే ఇవ్వండి. గోప్యత కాపాడటానికి ఇన్ని దార్లున్నాయి. గోప్యత పేరు చెప్పి సాటి డాక్టరుకి కూడా చూపించకుండా కూర్చోవడం మాత్రం సబబు కాదు.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడుకున్నది కాదు. పలాస కేంద్రంలో డేటా చూసుకోవడానికే జీతం మీద ఇద్దరు ముగ్గురు మనుషుల్ని పెట్టండి. వాళ్ల మొదటి పని, నీళ్లు మారకముందు ఉద్దానంలో సర్వే చేసిన ప్రతి బృందానికీ ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టుగా తెప్పించుకోవడం. షీటు శుభ్రంగా లేకపోయినా ఫర్వాలేదు, గడుల అర్థం ఇక్కడ కూర్చుని విడదీసుకోవచ్చు. పోగేసిన బృందం పేరు మీదే ఆ డేటా ఉండాలి. వ్యాసానికి ఉన్నట్టే డేటాకీ శాశ్వత నంబరు ఇచ్చే ఏర్పాటు ప్రపంచంలో ఎప్పుడో వచ్చింది. రేపు ఎవరు వాడుకున్నా ఆ నంబరు రాయాలి. కొత్తగా పోగేసిన వాళ్లకి ఏడాదో రెండేళ్లో గడువివ్వండి, ముందు వాళ్లే వ్యాసం రాసుకుంటారు. మా మేనకోడలి భయం అప్పుడు తీరుతుంది. విశ్వవిద్యాలయాలు ఉద్యోగాలప్పుడు, ప్రమోషన్లప్పుడు ఇలా అప్పజెప్పిన డేటాని కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా మంచిది. రహస్యం కాని ప్రభుత్వ డేటాని ప్రజలకు అందుబాటులో ఉంచాలని కేంద్రం 2012లోనే విధానం తెచ్చింది. జీవశాస్త్ర డేటా నిల్వకి ఫరీదాబాద్‌లో 2022లో జాతీయ కేంద్రమే పెట్టారు. ఎక్కడ దాచాలో తెలియదనే మాట ఇక చెల్లదు.

ఇకమీదట ఉద్దానంలో అడుగుపెట్టే బృందానికి అనుమతి ఇచ్చేటప్పుడే జిల్లా అధికారులు రెండు షరతులు రాయించుకోవాలి. డేటా నకలు ఫలానా తేదీలోగా పలాసలో అప్పజెప్పాలి. రక్తమిచ్చిన ప్రతి మనిషికీ తన ఫలితం తెలుగులో, ఆశా కార్యకర్త చదివి చెప్పగలిగేలా ఒక కార్డు మీద ఇవ్వాలి. అంగీకార పత్రంలో కూడా "పేరు లేకుండా మీ వివరాలు వేరే పరిశోధకులకు ఇవ్వవచ్చా?" అన్న ప్రశ్న విడిగా ఉండాలి, ఇష్టం లేనివాళ్లు వద్దనేలా. నాకు తెలిసినంతలో మా వాళ్లు వద్దనరు. పిల్లలకైనా ఈ జబ్బు రాకుండా ఉంటుందంటే ఇంకో ట్యూబు రక్తం కూడా ఇస్తారు.

పాత షీట్లలో ఏ నంబరు ఏ బావిదో చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ రోజుల్లో బృందాల వెంట తిరిగిన ఆశా కార్యకర్తలు కొందరు ఇంకా పనిలోనే ఉన్నారు, ఏ తోట పక్కన ఏ బావో చూపిస్తారు. ఏ ఏడాది ఏ ల్యాబులో ఏ మిషన్ ఉందో, క్రియాటినిన్‌కి ఏ కిట్ వాడామో నేను చెప్పగలను. పలాస కేంద్రం వాళ్లు ఆ షీట్లు తెప్పించి పిలిస్తే వచ్చి పక్కన కూర్చుంటాను.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా.